భర్తకు శిక్ష పడింది, ఇల్లు గడవడానికి ఏదైనా సహాయం దొరుకుతుందా? – ఒక సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. మీ భర్తకు సెషన్స్ కోర్టులో ఏడేళ్ల జైలు శిక్ష, ఇరవై వేల రూపాయల జరిమానా పడ్డాయి. జరిమానా కట్టకపోతే మరో ఆరు నెలలు జైలులో ఉండాలి. తీర్పు వచ్చి పద్దెనిమిది రోజులైంది. ఆయన ఒక ప్రైవేటు కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసేవారు, ఇంటి రుణం ఆయన పేరున ఉంది, డ్వాక్రా గ్రూపులో మీ పేరున మరో రుణం ఉంది, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, నాలుగో తరగతి చదివే అబ్బాయి ఉన్నారు. అప్పీలు ఖర్చుకు ఉన్న ఎనభై సెంట్ల పొలం అమ్మమని బంధువులు చెబుతున్నారు. ప్రభుత్వం ఖైదీల కుటుంబాలకు ఏమైనా ఇస్తుందా, పొలం అమ్మాలా అన్నవి మీ ప్రధాన ప్రశ్నలు. రేషను కార్డు గురించి చివర్లో అడిగిన చిన్న ప్రశ్నకు కూడా చివర్లోనే జవాబు చెబుతాను.

సూటిగా చెప్పాలంటే, పొలం అమ్మకండి, కనీసం ఇప్పుడు అమ్మకండి. ఖైదీ కుటుంబం అనే పేరుతో నెలనెలా చేతికి వచ్చే ప్రత్యేక పింఛను ఒకటి రెండు తెలుగు రాష్ట్రాలలోనూ నా ఇరవై రెండేళ్ల పనిలో ఎవరికీ అందగా నేను చూడలేదు. అయితే అప్పీలుకు లాయరు ఉచితంగా దొరుకుతారు, జరిమానాకు ఒక దారి ఉంది, పిల్లల కోసం నెలవారీ సహాయానికి దరఖాస్తు చేసుకోవచ్చు, మీ భర్త పేరున ఇప్పటికే ఉన్న సొమ్మును చట్టబద్ధంగా వాడుకునే మార్గమూ ఉంది. నేను న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరుగా జైలుకు వెళ్లి ఖైదీలతో మాట్లాడే పనిలో ఎక్కువ కాలం గడిపాను. ఆ అనుభవంలో చూసినదేమిటంటే, కుటుంబాలు చితికిపోయేది శిక్ష వల్ల మాత్రమే కాదు, తీర్పు తరువాతి మొదటి మూడు నెలల్లో కంగారుగా చేసే ఖర్చుల వల్లా, చేయించుకోకుండా వదిలేసిన కాగితాల వల్లా కూడా.

ముందు అప్పీలు సంగతి చూద్దాం, ఎందుకంటే దానికి గడువు ఉంది. సెషన్స్ కోర్టు తీర్పు మీద హైకోర్టుకు వెళ్లడానికి 60 రోజులు గడువు, తీర్పు నకలు తెచ్చుకోవడానికి పట్టిన రోజులను ఇందులో లెక్కించరు. శిక్ష పడిన వ్యక్తికి తీర్పు నకలును కోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీ భర్తకు అది ఇప్పటికే అంది ఉండాలి, అందకపోతే జైలు సూపరింటెండెంటు ద్వారా అడగవచ్చు. 1987 నాటి న్యాయ సేవల చట్టంలోని 12వ సెక్షను ప్రకారం కస్టడీలో ఉన్న వ్యక్తికి, అలాగే మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. పొలం ఉంది కదా, మనకు ఇవ్వరేమో అని చాలామంది వెనకాడతారు, కానీ ఖైదీ విషయంలో ఆస్తి ప్రశ్నే రాదు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది, 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. మీ భర్త జైలు నుంచే అప్పీలు దరఖాస్తు పంపవచ్చు, హైకోర్టు న్యాయ సేవల కమిటీ లాయరును నియమిస్తుంది. ఖైదీకి అప్పీలు కోసం ఉచితంగా లాయరును ఇవ్వడం రాజ్యం బాధ్యత అని సుప్రీంకోర్టు 1978లోనే హోస్కాట్ కేసులో చెప్పింది.

ఉచితంగా వచ్చే లాయరు సరిగా వాదించరన్న అనుమానం మీ బంధువులకు ఉండే ఉంటుంది. ఆ అనుమానం పూర్తిగా అసత్యమని నేను అనను, ఎందుకంటే ప్యానెల్లో శ్రద్ధగా పనిచేసేవారూ ఉన్నారు, చేయనివారూ ఉన్నారు. కానీ డబ్బు ఇచ్చి పెట్టుకున్న లాయర్లలో కూడా ఇదే తేడా ఉంటుంది. ఒక తల్లి కొడుకు అప్పీలు కోసం అరవై సెంట్లు అమ్మి ఒకరికి ఫీజు ఇచ్చింది, ఏడాది తరువాత విచారిస్తే హైకోర్టులో అప్పీలే దాఖలు కాలేదు. చివరికి ఆలస్యాన్ని మన్నించమన్న పిటిషనుతో కలిపి ఆ అప్పీలును ఉచిత న్యాయ సహాయం కిందే వేయించాము. అందువల్ల నా సలహా ఏమిటంటే, గడువులోగా ఉచిత సహాయంతో అప్పీలు దాఖలు చేయించండి, శిక్షను నిలిపి బెయిలు ఇవ్వమన్న పిటిషనును దానితోపాటే వేయమనండి, అందులో జరిమానా వసూలును కూడా నిలపమని అడగమనండి. తరువాత స్తోమతు ఉంటే లాయరును మార్చుకోవడానికి ఏ అడ్డంకీ ఉండదు, కానీ అమ్మిన పొలం తిరిగి రాదు.

ఇక జరిమానా. దీని గురించి జైలులో ఉన్నవారికే సరిగా తెలియదు కనుక కొంచెం వివరంగా రాస్తాను. జరిమానా కట్టనందుకు పడే ఆరు నెలలు అసలు శిక్షలో కలిసిపోవు, అసలు శిక్ష ముగిశాక అదనంగా అనుభవించాలి. విచారణ కాలంలో జైలులో ఉన్న రోజులను అసలు శిక్షలో తగ్గిస్తారు కానీ ఈ ఆరు నెలల్లో తగ్గించరు. అయితే జరిమానా మొత్తాన్ని ఒకేసారి కట్టనవసరం లేదు. పాత శిక్షాస్మృతిలోనూ, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ ఉన్న నియమం ప్రకారం, కట్టవలసినదిగా మిగిలిన భాగానికి సరిపడా రోజులు జైలులో గడిపి ఉంటే ఆ శిక్ష అక్కడితో ముగుస్తుంది. మీ విషయంలో పదివేలు కడితే మూడు నెలలతో సరి. ఎనిమిది వేల రూపాయల జరిమానాకు నాలుగు నెలలు అనుభవించవలసిన ఒక ఖైదీ రెండు నెలలు పూర్తయ్యాక, బయట ఉన్న చెల్లెలు నాలుగు వేలు కట్టి రసీదు తెచ్చిన రోజు సాయంత్రానికి విడుదలయ్యాడు. ఆ అమ్మాయి అంతకు ముందు నెల రోజులుగా మొత్తం ఎనిమిది వేలకు అప్పు వెతుకుతూ తిరిగింది. సగం కడితే చాలునని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అది కూడా కట్టలేని స్థితిలో ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో పేద ఖైదీలకు ఆర్థిక సహాయ పథకం తెచ్చింది. ఆ సంవత్సరం జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, జరిమానా కట్టలేక విడుదల ఆగిపోయిన శిక్షా ఖైదీకి 25,000 రూపాయల వరకు, బెయిలు సొమ్ము కట్టలేని విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు జిల్లా స్థాయి కమిటీయే మంజూరు చేయవచ్చని నిర్ణయించారు. ఆ కమిటీలో కలెక్టరు ప్రతినిధి, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, ఎస్పీ, జైలు సూపరింటెండెంటు, జిల్లా జడ్జి ప్రతినిధిగా ఒక న్యాయమూర్తి ఉంటారు. ఆ సొమ్ము మీ చేతికి రాదు, జరిమానా కిందే జమ అవుతుంది. మీ భర్త అసలు శిక్ష ముగిసే దశలో, జరిమానా ఒక్కటే విడుదలకు అడ్డంకిగా మిగిలినప్పుడు ఇది ఉపయోగపడుతుంది, ఇప్పుడు కాదు. అవినీతి నిరోధక చట్టం, మనీ లాండరింగ్ చట్టం, మాదకద్రవ్యాల చట్టం, ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కింద కేసులు ఉన్నవారికి ఇది వర్తించదు. నేరమేమిటో మీరు రాయలేదు, బహిరంగంగా రాయనవసరమూ లేదు. ఆ నాలుగింటిలో ఉందో లేదో మాత్రం చూసుకోండి.

జరిమానా కోసం మీ నగలో, మీ పుట్టింటివారు మీ పేరున రాసిన స్థలమో జప్తు చేస్తారేమోనన్న భయం కూడా చాలామందిలో ఉంటుంది. జరిమానాను శిక్ష పడిన వ్యక్తి ఆస్తి నుంచే వసూలు చేయాలి, భార్య సొంత ఆస్తికి దానితో సంబంధం లేదు. అలాగే ఆయన చేసిన అప్పులకు మీరు సహ రుణగ్రహీతగానో, హామీదారుగానో సంతకం చేసి ఉంటే తప్ప మీ బాధ్యత ఉండదు. అప్పులవాళ్లు ఇంటికి వచ్చి గట్టిగా మాట్లాడితే ముందు మీ సంతకం ఉన్న కాగితం చూపించమనండి.

ఇప్పుడు అసలు ముఖ్యమైన కాగితం గురించి. మీ భర్త పేరున ఉన్న బ్యాంకు ఖాతా, ఇంటి రుణం, పీఎఫ్, బీమా, ఇవన్నీ ఆయన సంతకం లేకుండా కదలవు. జైలులో ఉన్న వ్యక్తి పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున మరొకరు పనులు చేసే అధికారపత్రం ఇవ్వవచ్చు, దాని కోసం సబ్-రిజిస్ట్రారు కార్యాలయానికి రానవసరం కూడా లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 33వ సెక్షను జైలులో ఉన్నవారికి ఈ మినహాయింపు ఇచ్చింది, రిజిస్ట్రేషన్ అధికారే జైలుకు వచ్చి విచారించి ధ్రువీకరించవచ్చు. నేను అలాంటి సందర్భాలలో కూర్చున్నాను. ఒకసారి సూపరింటెండెంటు గదిలో బల్ల మీద ముద్ర ప్యాడు, పక్కన తడిగుడ్డ పెట్టారు. వేలిముద్ర వేయకముందు కాగితంలో ఏముందో చదివి వినిపించమని ఖైదీ అడిగితే వెంట వచ్చిన బావమరిది విసుక్కున్నాడు. చదివితే తేలింది, అందులో బ్యాంకు పనితోపాటు భూమి అమ్మే అధికారం కూడా రాసి ఉంది. అధికారి ఆ కాగితాన్ని పక్కన పెట్టేశారు.

అందుకే చెబుతున్నాను, అన్ని పనులకూ అధికారం ఇచ్చే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) వద్దు, ప్రత్యేక అధికారపత్రం మాత్రమే చేయించండి, అది మీ పేరునే ఉండాలి. ఏ ఖాతా, ఏ రుణం, ఏ పాలసీ అన్నది నంబర్లతో సహా అందులో రాయించి, భూమి అమ్మే అధికారం, తాకట్టు పెట్టే అధికారం లేవని స్పష్టంగా ఒక వాక్యం చేర్పించండి. ముసాయిదాను న్యాయ సేవాధికార సంస్థలోనే రాయించుకోవచ్చు. అది సిద్ధమయ్యే లోపు ఆయన జైలులో ఉన్నట్టు జైలు సూపరింటెండెంటు నుంచి కస్టడీ సర్టిఫికెట్టు తీసుకోండి, ఎందుకంటే బ్యాంకులోనూ, పిల్లల సహాయం కోసం వెళ్లే కార్యాలయంలోనూ మొదట అడిగేది అదే. దానిలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో కౌంటరు దగ్గరే సరిచూసుకోండి. పోలీసులు ఎఫ్‌ఐఆర్‌లో రాసిన పేరే జైలు రికార్డులోకి వస్తుంది. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నందుకు ఒక కుటుంబం రెండు నెలలు తిరిగిన సంగతి నాకు తెలుసు.

ఇంకొక విషయం చిన్నదే కానీ దీనితో చాలా పనులు ముడిపడి ఉంటాయి. మీ భర్త ఫోను నంబరుకు రీఛార్జి ఆపకండి. ఆయన ఆధార్‌కు, బ్యాంకుకు, పీఎఫ్‌కు అదే నంబరు ఉండి ఉంటుంది. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ ఆ నంబరును తీసేయవచ్చు, తరువాత అది మరొకరికి పోవచ్చు, ఓటీపీలు కూడా వారికే పోతాయి. నెలకు ఆ కాస్త రీఛార్జి దండగ అనిపించినా చేయించండి. ఆ ఓటీపీలను మాత్రం ఆయనకు తెలిసి, ఆయన చెప్పిన పనికే వాడండి.

పీఎఫ్ విషయంలో ధైర్యంగా ఉండవచ్చు. ఆయన ఖాతాలో జమ అయిన సొమ్మును అప్పులవాళ్లు కోర్టు ద్వారా కూడా జప్తు చేయించలేరు, పీఎఫ్ చట్టంలోనే ఆ రక్షణ ఉంది. శిక్ష పడినందువల్ల ఆ సొమ్ము మీద ఆయన హక్కు పోదు. కంపెనీ ఆయనను తొలగించిన తేదీని పీఎఫ్ రికార్డులో నమోదు చేసిందో లేదో కనుక్కోండి, చాలా క్లెయిములు ఆగేది అక్కడే. ఎల్‌ఐసీ పాలసీ ఉంటే, ప్రీమియం కట్టలేక ఆగిపోయినా మొదటి బకాయి నుంచి ఐదేళ్లలోగా పునరుద్ధరించుకునే వీలుంది, కనుక పాలసీని సరెండరు చేయమని ఎవరైనా తొందరపెడితే వినకండి.

ఇంటి రుణం దగ్గర మాత్రం జాప్యం పనికిరాదు. వాయిదా కట్టక 90 రోజులు దాటితే బ్యాంకు దానిని మొండి బకాయిగా వర్గీకరిస్తుంది, ఆ తరువాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకునే ప్రక్రియ మొదలు పెట్టవచ్చు. కాబట్టి మొదటి వాయిదా తప్పకముందే కస్టడీ సర్టిఫికెట్టుతో వెళ్లి, గడువు పెంచి వాయిదా తగ్గించమని లిఖితపూర్వకంగా అడిగి, మీ నకలు మీద వారి చేత ముద్ర వేయించుకోండి. జైలు సంగతి చెబితే బ్యాంకు ఇంకా కఠినంగా ఉంటుందని దాచిపెట్టేవారు ఉన్నారు. నా అనుభవంలో దాచిపెట్టినవారికే ఎక్కువ నష్టం జరిగింది. శిక్ష పడిన సంగతి రుణ చరిత్ర చూపే సిబిల్ నివేదికలో ఉండదు, కట్టని వాయిదాలు మాత్రం ఉంటాయి, రేపు ఆయన విడుదలై వచ్చి చిన్న షాపు పెట్టుకోవడానికి రుణం అడిగినప్పుడు అడ్డొచ్చేది ఆ వాయిదాలే.

డ్వాక్రా గ్రూపులో మీ స్థానానికి, మీ రుణ అర్హతకు మీ భర్త శిక్షతో సంబంధం లేదు. గ్రూపు సమావేశంలో ఎవరైనా ముఖం చిట్లించవచ్చు, కానీ మిమ్మల్ని తీసేయడానికి అది కారణం కాదు. స్త్రీనిధి వంటి రుణాలు మీ పొదుపు, మీ చెల్లింపులను బట్టే వస్తాయి. ఒకవేళ సూక్ష్మరుణ కంపెనీల అప్పు కూడా ఉంటే, రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వసూలుకు వచ్చేవారు ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తరువాత మీకు ఫోను చేయకూడదు, బెదిరించకూడదు, బంధువులను వేధించకూడదు. నూటికి ఐదు రూపాయల వడ్డీకి ఇచ్చేవారి దగ్గరకు ఇప్పుడు వెళ్లవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. అది ఏడాదికి అరవై శాతం, సంపాదించే చేయి ఒక్కటే ఉన్న ఇల్లు దానిని మోయలేదు.

పిల్లల విషయానికి వస్తే, పిల్లల కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అనే సహాయం ఉంది, ఒక్కొక్క బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ వార్షికాదాయం గ్రామాలలో 72,000, ఇతర ప్రాంతాలలో 96,000 రూపాయలు మించకూడదు. తండ్రి జైలులో ఉన్నాడు కనుక దానంతట అదే వచ్చేది కాదిది. తల్లిదండ్రులు పిల్లలను చూసుకోలేని స్థితిలో ఉన్నారని అధికారులు విచారణలో తేల్చుకున్నాకే మంజూరు చేస్తారు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇచ్చి, బాలల సంక్షేమ కమిటీ ముందు మీ పరిస్థితి చెప్పండి, 1098కి ఫోను చేసినా అక్కడికి దారి చూపుతారు. దీనికి ముందు ఒక పని ఉంది. మీ పాత ఆదాయ ధ్రువపత్రంలో మీ భర్త జీతం కలిసి ఉంటుంది, దానితో వెళితే పరిమితి దాటిందని దరఖాస్తును అక్కడే తిప్పి పంపుతారు. సచివాలయంలోనో మీ సేవలోనో దరఖాస్తు పెట్టి తహసీల్దారు నుంచి కొత్త ఆదాయ ధ్రువపత్రం తీసుకోండి, స్కాలర్‌షిప్పులకూ, అమ్మాయికి గురుకులంలోనో కస్తూర్బా విద్యాలయంలోనో సీటు అడగడానికీ అదే పనికొస్తుంది.

ఒంటరి మహిళ పింఛనుకు భర్త వదిలేశాడని రాసి ఇమ్మని మధ్యవర్తులు చెబుతారు. దయచేసి అలా రాయకండి. అది అబద్ధపు ధ్రువీకరణ అవుతుంది, బయటపడితే తీసుకున్నది తిరిగి కట్టవలసి రావచ్చు, కేసు కూడా కావచ్చు, ఒక ఇంట్లో రెండో కేసును మీరు కోరి తెచ్చుకోకూడదు.

మీ భర్త జైలులో పనిచేస్తే కూలి వస్తుంది. ఖైదీల పనికి న్యాయమైన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లో గుజరాత్ ప్రభుత్వ కేసులో చెప్పింది, అయితే అందులో కొంత బాధితుల పరిహారం కోసం తీసే ఏర్పాటు చేయమని కూడా ఆ తీర్పులోనే ఉంది. మొత్తం పెద్దదేమీ కాదు, బయటి కూలితో పోల్చలేము. కానీ అది ఆయన ఖాతాలో చేరుతుంది, సూపరింటెండెంటుకు అర్జీ పెట్టుకుంటే ఇంటికి పంపవచ్చు. ఫిట్టరు పని తెలిసిన మనిషి కనుక జైలు కర్మాగారంలో నైపుణ్యం ఉన్న పనికి తీసుకోమని అడగమనండి, ఆ కూలి రేటు ఎక్కువ. మహారాష్ట్రలో అక్కడి రాష్ట్ర సహకార బ్యాంకు 2022లో యెరవాడ జైలు ఖైదీలకు వారి కూలి ఆధారంగా 50,000 రూపాయల వరకు రుణం ఇచ్చే పథకం మొదలుపెట్టింది. ఇక్కడా అలాంటిది వస్తే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను. మీరు ప్రతి వారం ములాఖత్‌కు బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్లే బదులు కొన్నిసార్లు ఈ-ములాఖత్‌లో వీడియో ద్వారా మాట్లాడితే ఆ ఖర్చు ఆదా అవుతుంది. అయితే కాగితాల పని ఉన్నప్పుడు స్వయంగానే వెళ్లండి.

చివరగా మీరు అడిగిన రేషను కార్డు ప్రశ్న. ఇంటి యజమాని జైలుకు వెళ్లాడు కనుక కార్డు రద్దవుతుందని డీలరు అన్నారని రాశారు. 2013 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం కార్డుకు ఇంటి పెద్ద పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీలలో పెద్దవారు, అంటే మీ ఇంట్లో మీరే. మీ వేలిముద్రతో మీ వాటా, పిల్లల వాటా బియ్యం ఇవ్వవలసిందే. ఆయన వేలిముద్ర పడలేదని మొత్తం కార్డు ఆపితే తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ఆ ఫిర్యాదుకు కస్టడీ సర్టిఫికెట్టు నకలు ఒకటి జత చేయండి.